కిర్రు వేరు, దబ్బు వేరు

సింగపూర్ తూర్పు కొసన పాసిర్ రిస్ ఉంది. పచ్చరంగు మెట్రో లైను అక్కడితో ఆగిపోతుంది. 1989 డిసెంబరులో ఆ స్టేషను తెరిచారు. దానికి కాస్త అటూఇటూగానే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ వారి ఎత్తైన బ్లాకులూ లేచాయి. ఒడ్డున పార్కు, పార్కులో మడ అడవి, అవతల జోహోర్ జలసంధి. గాలి బాగుంటుంది, చప్పుడు మాత్రం ఎవరిది వాళ్లింట్లో ఆగదు. మన గచ్చే కిందివాళ్లకు కప్పు. రాత్రి పదిన్నర నుంచి ఉదయం ఏడింటి దాకా సద్దు తగ్గించండి అన్నది అక్కడ ఏళ్లుగా ఉన్న మాట. 2022లో ఇరుగుపొరుగు చప్పుళ్ల కోసం ఏకంగా ఒక పౌర సలహా మండలినే వేశారంటే ఈ బాధ ఎంతదాకా వచ్చిందో తెలుస్తుంది.

ఆ ఫ్లాట్లలో ఒక పాత వింత కూడా ఉంది. అర్ధరాత్రి పైకప్పు మీద గోలీలు రాలి దొర్లిన చప్పుడు వినిపిస్తుంది, పైన పిల్లలే లేకపోయినా సరే. దయ్యాల దగ్గర్నుంచి నీటి గొట్టాల దాకా కారణాలు చెబుతారు. గోలీల సంగతి ఇక్కడ తేల్చబోవడం లేదు. మన ఇంటి బట్టల సొరుగుల సంగతి మాత్రం తేల్చవచ్చు. పొద్దున్నే ఆరింటికి ఆఫీసుకు బయల్దేరేవాళ్లు సాక్సు కోసం సొరుగు లాగితే ఇంటిల్లిపాదీ లేస్తారు, కిందింటివాళ్లూ లేస్తారు. దాని కారణం మన చేతికి అందే దూరంలోనే ఉంటుంది.

సొరుగు చేసే చప్పుళ్లు రెండు జాతులు. లాగుతుంటే వచ్చే కిర్రు ఒకటి, మూస్తే వచ్చే దబ్బు మరొకటి. రెండూ ఒకే బల్లలోంచి వస్తాయి గనుక జనం ఒకే మందు వేస్తుంటారు. ఇంట్లో ఉన్న ఏదో నూనె తెచ్చి రాసేస్తారు. కిర్రు తగ్గుతుంది. నున్నగా జారే సొరుగు ఇదివరకటి కంటే వేగంగా వెళ్లి గూటి వెనక గుద్దుకుంటుంది. కిర్రుకు వేసిన మందు దబ్బును పెంచుతుందన్నమాట. కాబట్టి ముందు వినాలి, తర్వాతే డబ్బా మూత తీయాలి.

మొదట కిర్రు. కదలకుండా ఉన్న వస్తువును కదిలించడానికి ఎక్కువ బలం కావాలి, కదిలాక నడిపించడానికి తక్కువ చాలు. స్థైతిక ఘర్షణ, గతిక ఘర్షణ అని బడిలో చదువుకున్నవే. చప్పుడంతా ఈ రెంటి మధ్య ఉన్న తేడాలో పుడుతుంది. సొరుగు లాగినప్పుడు పక్క చెక్క, అది ఆనుకున్న పట్టీ, మన మణికట్టు అన్నీ ఏ కాస్తో సాగుతాయి. సొరుగు పట్టుకుని ఉన్నంతసేపూ వాటిలో బిగువు పెరుగుతుంది. బిగువు స్థైతిక ఘర్షణను దాటగానే సొరుగు జారుతుంది. జారగానే ఘర్షణ పడిపోతుంది గనుక కావలసినదానికంటే ముందుకు దూకుతుంది. బిగువు సడలిపోయి మళ్లీ పట్టుకుంటుంది. పట్టు, జారు, పట్టు, జారు. ఇది సెకనుకు పదిసార్లు జరిగితే చేతికి కుదుపుగా తెలుస్తుంది. వందలసార్లూ వేలసార్లూ జరిగితే చెవికి కిర్రుగా, కీచుగా వినిపిస్తుంది. మన చెవికి రెండు వేల నుంచి ఐదు వేల హెర్ట్జ్‌ల మధ్య చురుకు ఎక్కువ. కీచు తరచు ఆ ప్రాంతంలోనే పడడం మన ఖర్మ.

దీని మీద శ్రద్ధగా లెక్కలు కట్టినవారిలో ఫ్రెంచి సైనిక ఇంజనీరు కూలుంబ్ ముఖ్యుడు. విద్యుత్ ఆవేశాల సూత్రంతో మనకు తెలిసిన కూలుంబే ఈయన. రోష్‌ఫోర్ ఓడల కార్ఖానాలో చెక్క మీద చెక్కను జార్చి చూశాడు. 1781లో పారిస్ అకాడమీ ఆ పనికి బహుమతి ఇచ్చింది, 1785లో గ్రంథం అచ్చయింది. అందులో ఒక పరిశీలన మన సొరుగుకు సూటిగా తగులుతుంది: రెండు చెక్కలు ఎంత ఎక్కువసేపు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే వాటిని కదిలించడానికి అంత ఎక్కువ బలం కావాలి. రోజూ తీసే సాక్సు సొరుగు కంటే, పండగకు ఒకసారి తీసే పట్టుచీరల సొరుగు ఎక్కువ మొరాయించడానికి అదీ ఒక కారణం. ఎందుకలా అన్నది ఇరవయ్యో శతాబ్దంలో కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ విప్పి చెప్పారు. కంటికి రెండు తలాలు పూర్తిగా అతుక్కున్నట్టే కనిపిస్తాయి. నిజానికి ఆనేది అక్కడక్కడా పొడుచుకు వచ్చిన సూక్ష్మమైన గుట్టల కొనలు మాత్రమే. ఆగి ఉన్నకొద్దీ ఆ కొనలు నలిగి, ఒకదానికొకటి అంటుకుని, ఆనిక పెరుగుతుంది.

ఈ పట్టు-జారు ఆటను ఇంకా లోతుగా చూసినవాడు విశాఖపట్నంలో చదువుకున్న కుర్రవాడు. సి.వి. రామన్ పుట్టింది తిరుచిరాపల్లిలోనే అయినా, తండ్రి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి 1892లో విశాఖ రావడంతో చిన్నతనమంతా ఆ సముద్రం పక్కనే గడిచింది. తర్వాత కలకత్తాలో ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు బౌబజార్ వీధిలోని విజ్ఞాన సంఘంలో తీగల మీద పని చేశాడు. కమాను రాస్తే వయొలిన్ తీగ ఎలా కంపిస్తుందన్నది 1918లో ఆయన వెలువరించిన పెద్ద వ్యాసం విషయం. కమాను వెంట్రుకలు తీగను కాసేపు పట్టుకుని లాక్కెళ్తాయి, తర్వాత వదిలేస్తాయి. అచ్చంగా సొరుగు పనే. రెండేళ్ల తర్వాత ఆయన యంత్రంతో మోగే వయొలిన్ కూడా తయారుచేశాడు. అందులో కమాను కదలదు. వయొలినే పట్టా మీద ముందుకూ వెనక్కూ జారుతుంది! సొరుగులా జారే వయొలిన్ కలకత్తాలో ఉండేదన్న సంగతి వడ్రంగులకు తెలిస్తే సంతోషిస్తారు.

వయొలిన్ విద్వాంసులు కమానుకు రోజిన్ రుద్దేది స్థైతిక, గతిక ఘర్షణల తేడాను పెంచడానికే. సొరుగుకు మైనం రుద్దేది ఆ తేడాను చంపడానికి. ఘర్షణ మొత్తంగా ఎంత తగ్గిందన్నది కిర్రు విషయంలో రెండో ప్రశ్న. రెండు ఘర్షణలూ దగ్గరైతే చాలు, ఘర్షణ ఎక్కువగా ఉన్నా సొరుగు బరువుగా, మౌనంగా కదులుతుంది. ఇదే తేడా భూమి పైపొర ఫలకల మధ్య ఉంటే భూకంపం. ఆ మాట 1966లో బ్రేస్, బయర్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రయోగంతో సహా చెప్పారు. సుమత్రా దగ్గర అలాంటి జారు పడినప్పుడు సింగపూర్ ఎత్తైన బ్లాకులు కూడా ఊగుతాయి. 2009 సెప్టెంబరు 30న పడాంగ్ భూకంపం రోజున అక్కడివారికి అది అనుభవమే.

ఇక తేమ. పాసిర్ రిస్‌లో సొరుగు మొరాయిస్తే సగం నేరం దానిదే. సింగపూర్ గాలిలో సాపేక్ష ఆర్ద్రత సగటున 80 శాతం పైమాటే. తెల్లవారుజామున 90 దాటుతుంది, వాన లేని మధ్యాహ్నం 60 దగ్గరికి దిగుతుంది. చెక్క ఆ గాలితో రాజీపడేదాకా నీరు పీల్చుకుంటూనే ఉంటుంది. అలాంటి గాలిలో చెక్క బరువులో సుమారు 16 శాతం నీరు నిలుస్తుంది. హైదరాబాదు మే నెలలో అది 7 దగ్గర ఉంటుంది.

హైదరాబాదులో మే నెలలో టేకుతో చేయించిన సొరుగుల బల్లను సామానుతోపాటు ఓడలో వేసి పాసిర్ రిస్ తెచ్చుకున్న కుటుంబాన్ని ఊహించండి. టేకు చెక్కలలోకెల్లా బుద్ధిమంతురాలు. పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఆరేసరికి వార్షిక వలయాల వెంట 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం మాత్రమే కుంచించుకుపోతుంది. అయినా లెక్క వేద్దాం. చెక్క తేమ సుమారు 30 శాతం దాటాక ఉబ్బడం ఆగుతుంది. కాబట్టి వలయాల వెంట కోసిన పలకలో ఒక్కో శాతం తేమకు దాదాపు 0.19 శాతం మార్పు. తొమ్మిది శాతం తేమ పెరిగితే 20 సెంటీమీటర్ల ఎత్తున్న సొరుగు ముఖం దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు ఎదుగుతుంది. వడ్రంగి పైనా కిందా వదిలిన సందు అంతకంటే తక్కువైతే ఆ సొరుగు ఇక గూటికి చెందిన చెక్కే. అదే పలకను వలయాలకు అడ్డంగా కోసి ఉంటే ఎదుగుదల ఒకటిన్నర మిల్లీమీటర్లతో ఆగేది. పొడవు దిశలో, అంటే పేళ్ల వెంట, చెక్క దాదాపు ఎదగదు. అందుకే సొరుగు లోతు మారదు, ఎత్తే మారుతుంది. రాపిడి వెతకాల్సింది పై అంచున, కింది అంచున.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి: కొత్తగా వచ్చిన చెక్కకు వెంటనే చిత్రిక పట్టకూడదు. కొన్ని నెలలు ఆ గాలిలో బతకనివ్వాలి. లోపలిదాకా తేమ సర్దుకున్నాక ఎక్కడ తగులుతుందో అక్కడే సన్నగా తీయాలి. తొందరపడి లోతుగా తీస్తే, రేపు ఇల్లు ఖాళీ చేసి తిరిగి హైదరాబాదు వెళ్లినప్పుడు ఆ సందులోంచి బొద్దింకలు రాకపోకలు సాగిస్తాయి. పాలిషు తేమను ఆలస్యం చేస్తుందే గాని ఆపదు. రాత్రి ఏసీ, పగలు తెరిచిన కిటికీ ఉన్న పడకగదిలో చెక్క పై పొర రోజూ కాస్త ఆరుతూ కాస్త తడుస్తూ ఉంటుంది. పాలిషు ఆ ఊగులాటను మెత్తబరుస్తుంది, అదీ తక్కువ మేలేమీ కాదు. ఇంకో సంగతి, తడి చెక్కకు ఘర్షణ కూడా ఎక్కువ. తేమ సందునూ మూస్తుంది, పట్టునూ పెంచుతుంది.

అయితే పాసిర్ రిస్ ఇళ్లలో టేకు తక్కువ. పక్కనే టాంపనీస్‌లో 2006 నుంచి ఐకియా ఉంది. అక్కడికీ ఇతర దుకాణాలకూ వెళ్లి అట్టపెట్టెల్లో తెచ్చుకుని ఇంట్లో బిగించుకునే బల్లలే ఎక్కువ. వీటిలో పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్. చెక్కపొడిని జిగురుతో ఒత్తి చేసిన పలకకు ఒక గుణం ఉంది. నీరు తాగితే ఒత్తిడిలో నలిగి ఉన్న ముక్కలు విడివడి ఉబ్బుతాయి, ఆరినా తిరిగి పాత స్థితికి రావు. కాబట్టి అంచుల పట్టీ ఊడిన చోట వెంటనే అతికించడమే వైద్యం. ఇంకో పరిచిత వ్యాధి అడుగు పలకది. సొరుగు అడుగున వేసేది మూడు మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు. జీన్స్ ప్యాంట్లు దొంతరగా పేరిస్తే అది పొట్టలా కిందికి జారి కింది సొరుగును గీకుతుంది. పట్టాలకు ఎంత నూనె పోసినా ఈ గీకుడు పోదు. సొరుగు ఖాళీ చేసి, అడుగు పలకను తిరగేసి, మధ్యలో ఒక సన్న చెక్క పట్టీ జిగురుతో అడ్డంగా వేస్తే పోతుంది.

ఎక్కడ రాసుకుంటోందో తెలియకపోతే బడి సుద్దముక్క చాలు. అంచులకూ పట్టీలకూ సుద్ద రుద్ది నాలుగుసార్లు తీసి మూయండి. సుద్ద చెరిగిన చోటే జబ్బు.

కొన్ని సొరుగులు కిర్రుమనడం కాదు, ఒక మూలకు తిరిగి బిగుసుకుపోతాయి. దీనికి యంత్రశాస్త్రంలో చక్కని లెక్క ఉంది. ఘర్షణ గుణకాన్ని రెట్టింపు చేసి, దాన్ని మన చెయ్యి నడిమి గీతకు ఎంత దూరంలో లాగుతోందో ఆ దూరంతో హెచ్చవేయండి. వచ్చినది, సొరుగు ఇంకా గూటిలో ఉన్న పొడవును మించితే సొరుగు కదలదు. 80 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు ఉన్న సొరుగును తీసుకుందాం. తేమ పట్టిన చెక్కకు గుణకం 0.5 అనుకుందాం. ఒక చేతిలో ఫోను, రెండో చేత్తో నడుమ నుంచి 30 సెంటీమీటర్ల దూరంలోని పిడి. లెక్క 30 వస్తుంది. మూసి ఉన్నప్పుడు గూటిలో 40 ఉన్నాయి గనుక కదులుతుంది. పది సెంటీమీటర్లు బయటికి రాగానే గూటిలో మిగిలేది 30. అంతే, బిగుసుకుంది. ఈ లెక్కలో మనం వేసే బలం అనే అంకె లేనే లేదని గమనించండి. ఎంత గట్టిగా లాగితే మూలల దగ్గర ఒత్తిడి అంత పెరిగి, ఘర్షణా అంతే పెరుగుతుంది. బలం ఓడిపోయేది ఇందుకే.

ఇప్పుడు మైనం రుద్ది గుణకాన్ని 0.2కు దించండి. లెక్క 12కు పడిపోతుంది. సొరుగు 28 సెంటీమీటర్లు బయటికి వచ్చేదాకా అదే పిడి పట్టుకుని లాగినా బిగుసుకోదు. లాగే శ్రమ తగ్గడం సరే, అసలు కదలనిది కదిలేదిగా మారడం అంతకంటే పెద్ద విషయం. చెయ్యి నడిమికి తెచ్చి లాగితే మైనం లేకుండానే పని జరుగుతుంది. వెడల్పు సొరుగులకు రెండు పిడులు పెట్టేది రెండు చేతులతో ఒకేసారి లాగుతారని. మనం లాగం.

ఏం రాయాలన్న దానికి మన పెద్దల దగ్గర జవాబు ఉండేది. ఎద్దుబండి ఇరుసుకు ఆముదం కందెన వేసేవారు. ఆముదంలోని ఆమ్లపు అణువులు లోహాన్ని అంటిపెట్టుకుంటాయి, నూనె చిక్కగా ఉండి ఒత్తిడికి జారిపోదు. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల ఇంజన్లలో కూడా అదే వాడారు. కానీ ఇరుసుకు మంచిది సొరుగుకు మంచిది కాదు. చెక్క నూనెను తాగుతుంది, మిగిలింది దుమ్ము పట్టి జిడ్డవుతుంది, బట్టలకు మరకలు. చెక్క మీద చెక్క జారే చోట పొడి మందు కావాలి. తెల్ల కొవ్వొత్తి ముక్క అన్నిటికంటే నయం. సబ్బు కూడా పనిచేస్తుంది గాని తేమను లాక్కుంటుంది. సింగపూర్ గాలిలో అది కోరి తెచ్చుకున్న బాధ, దగ్గరున్న మేకులకు తుప్పు కూడా. పెన్సిలు ములుకు మంచిదే, తెల్లచీరలు లేని సొరుగులో.

లోహపు ఛానెళ్లున్న సొరుగుల్లో కథ వేరు. నైలాన్ చక్రాలో, ఉక్కు గుండ్లో దొర్లుతాయి. దొర్లే చోట పట్టు-జారు ఉండకూడదు. కిర్రుమంటోందంటే ఏదో చక్రం దొర్లడం మానేసి జారుతోందని అర్థం. వెంట్రుకలు, దారపు పోగులు, గట్టిపడిన పాత గ్రీజు చూడండి. తుడిచి, కాస్త తెల్ల లిథియం గ్రీజు పూయండి. అందరి ఇళ్లలో ఉండే డబ్ల్యూడీ-40 ఇక్కడ పొరపాటు మందు. 1953లో కాలిఫోర్నియాలో దాన్ని తయారుచేసింది లోహం మీది నీటిని తరిమి తుప్పు ఆపడానికి. పాత గ్రీజును కడిగేస్తుంది, తానూ చాలావరకు ఆవిరైపోతుంది. మొదట్లో హాయి, తర్వాత మునుపటి కంటే పెద్ద కిర్రు. తుడిచి పూసినా మానకపోతే రెండు ఛానెళ్లూ సమాంతరంగా లేవని అర్థం. ముందు ఒక అంతరం, వెనక మరో అంతరం కొలతకు దొరుకుతాయి. స్క్రూ వదులు చేసి సర్దాలి. పార్టికల్ బోర్డులో స్క్రూ రంధ్రం పెద్దదైతే అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి దిగ్గొట్టి, ఆరాక మళ్లీ బిగించవచ్చు.

ఇప్పుడు దబ్బు. పది కిలోల సొరుగు సెకనుకు అరమీటరు వేగంతో వచ్చి గూటిని తాకిందనుకోండి. అందులో ఉన్న శక్తి 1.25 జౌళ్లు, నూటపాతిక గ్రాముల వస్తువును ఒక మీటరు ఎత్తేంత. చిన్నదే. చప్పుడు పెద్దదయ్యేది అది ఎంత తొందరగా ఖర్చవుతుందన్న దాన్నిబట్టి. చెక్క చెక్కను కొట్టి ఒక మిల్లీసెకనులో ఆగితే సగటు బలం 5,000 న్యూటన్లు. మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల మెత్తని పాలియురెథేన్ బొట్టు అతికిస్తే ఆగడానికి పది మిల్లీసెకన్లు పడుతుంది, బలం 500కు దిగుతుంది. పైగా తొందరగా ముగిసే దెబ్బలో హెచ్చు శ్రుతులు ఎక్కువ. దెబ్బను సాగదీస్తే అవి చాలావరకు పుట్టవు. హార్డ్‌వేర్ దుకాణంలో షీటుగా దొరికే ఆ పారదర్శకపు బొట్లు చేసేది ఇంతే.

సాఫ్ట్ క్లోజ్ ఇదే పనిని ఇంకా సాగదీస్తుంది. ఆస్ట్రియాలో హ్యోక్‌స్ట్ అనే ఊళ్లోని బ్లుమ్ కంపెనీ 2001లో తన బ్లుమోషన్‌ను తెచ్చాక ఇది వంటిళ్లలోకి, తర్వాత పడకగదుల్లోకి పాకింది. చివరి ఐదు సెంటీమీటర్లలో సొరుగును సెకనులో ఐదో వంతు సేపు ఆపితే సగటు బలం 25 న్యూటన్లే. లోపల ఉండేది చిన్న పిస్టను, చిక్కని నూనె. ఇక్కడ కూలుంబ్ ఘర్షణ సూత్రం నుంచి మనం తప్పుకుంటున్నాం. పొడి ఘర్షణ వేగాన్ని పెద్దగా పట్టించుకోదు. నూనె నిరోధం వేగంతోపాటు పెరుగుతుంది. విసురుగా వచ్చిన సొరుగును గట్టిగా పట్టుకుంటుంది, మెల్లగా వచ్చినదాన్ని పోనిస్తుంది. ఆ తెలివి మైనానికి లేదు. సిలికోన్ నూనె అయితే చలికి, వేడికి చిక్కదనం పెద్దగా మార్చుకోదు. ఆస్ట్రియా చలికాలంలోనూ సింగపూర్ ఉక్కలోనూ ఒకేలా పనిచేస్తుంది. ఛానెళ్లకు బరువు పరిమితి ఉంటుంది, సాధారణంగా 25 నుంచి 45 కిలోల మధ్య. అమ్మ పంపిన ఇత్తడి సామాను కూడా దుప్పట్ల కింద అదే సొరుగులో దాచేవారు దాన్ని ఒకసారి చూసుకోవడం మంచిది.

దబ్బు బల్లతో ఆగదు. వెనక కొట్టిన పల్చని పలక మేకులు వదులైతే దాని వైశాల్యమంతా గాలిని కొడుతుంది, ప్రతి మూతకూ అదే గణగణ. మేకులు బిగించి, లోపలి అంచుల వెంట జిగురు పట్టించాలి. కాళ్ల గుండా కాంక్రీటు పలకలోకి దిగిన దెబ్బ దాదాపు చెక్కుచెదరకుండా కిందింటి కప్పు చేరుతుంది. కాంక్రీటు కంపనాన్ని తనలో తాను మింగేది చాలా తక్కువ. కాళ్ల కింద రబ్బరు మెత్తలు వేయాలి. గచ్చు ఎగుడుదిగుడుగా ఉంటే ముందు మట్టం సరిచూడాలి. ఒక కాలు గాల్లో ఉన్న బల్ల పక్కకు ఒరిగి గూడు చతురస్రం తప్పుతుంది. ముఖం మీద రెండు కర్ణాలు కొలిస్తే సమానంగా రావు. అప్పుడు సొరుగులన్నీ కలిసి కిర్రుమంటాయి, మనం ఒక్కొక్కదానికీ మైనం రాస్తూ కూర్చుంటాం.

బల్లను గోడకు ఒకటి రెండు సెంటీమీటర్లు ఎడంగా జరిపితే దెబ్బ గోడకు పాకదు, వెనక గాలి ఆడి బూజూ పట్టదు. అలాగని వదిలేయడానికి లేదు. పసిపిల్లలున్న ఇంట్లో మూడు సొరుగులు ఒకేసారి తెరిచి ఎక్కితే పొడుగాటి బల్ల ముందుకు పడుతుంది. గోడకు పట్టీ వేసి కట్టాల్సిందే. బిగించే చోట రబ్బరు వాషర్ పెట్టుకుంటే ఆ ఎడం చెడదు, చప్పుడూ దాటదు. డ్రిల్లు పెట్టే పని మాత్రం శనాదివారాలు కాకుండా ఏ పనిరోజు మధ్యాహ్నమో చూసుకోవాలి.